గోదావరి తేటపడే దాకా

మావారు ఆపరేషన్లు మానేసిన ఏడాదే కంప్యూటర్లో విమానం నడపడం మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్ళు సిడ్నీలో సర్జన్‌గా పనిచేసిన మనిషి. కంటి లోపలి పొర పాడవుతోందని తెలిశాక, ఎవరూ చెప్పకముందే తనంతట తానే కత్తి పక్కన పెట్టేశారు. రౌస్ హిల్లో మా ఇంటి మేడ మీది గదిలో మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన పాత కంప్యూటర్ ఉండేది. ప్రపంచంలో ఏ ఊరి మీదైనా విమానం నడపగలిగే ఆట ఒకటి అందులో ఎక్కించుకున్నారు. ఆ ఆట ఆడే స్నేహితులంతా హార్బర్ బ్రిడ్జి మీదా, ఆల్ప్స్ కొండల మీదా ఎగిరేవారు. ఈయన మాత్రం ప్రతిసారీ రాజమండ్రిలో లేచి, గోదావరి వెంట అంతర్వేదిలో సముద్రం తగిలే దాకా వెళ్ళేవారు.

కంప్యూటర్ పాతదైతే, అందులో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మరీ పాతది. గోదావరి ఉండాల్సిన చోట బూడిదరంగు మరక కనిపించేది. కొబ్బరితోటలు నాచు పట్టిన గోడలా ఉండేవి. విమానం కాస్త కిందికి దిగితే చాలు, బొమ్మ వణికి, ఆగిపోయి, ఎక్కడో ముందు మళ్ళీ మొదలయ్యేది.

అప్పుడే కొత్త కార్డు విడుదలైంది. దాని గురించి దొరికిన వీడియోలన్నీ చూసేసి, ఆయన అమ్మాయికి ఫోన్ చేశారు. అమ్మాయిది మెల్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాపురం అక్కడి శివారు క్రెయిగీబర్న్‌లో.

"నాన్నా, ప్లీజ్, లాంచ్ అవగానే కొనకండి," అంది. "ఫస్ట్ బ్యాచ్‌లో ఎప్పుడూ ఇష్యూస్ ఉంటాయి. పవర్ ప్లగ్ వేడెక్కిపోతోందని ఆల్రెడీ కంప్లైంట్స్ వస్తున్నాయి. కొన్ని నెలలు వెయిట్ చేస్తే అన్నీ సెటిల్ అవుతాయి, రేటూ తగ్గుతుంది. వాట్స్ ద రష్?"

"అదీ నిజమేలేమ్మా," అన్నారు ఆయన. "కొత్త మందు వచ్చిందంటే నేనూ పేషెంట్లకి అదే చెప్పేవాణ్ణి, కొన్నాళ్ళు చూద్దామని."

అలా ఆగాం. ఆ ఆగిన రోజులే ఇప్పుడు నాకు ఎక్కువగా గుర్తొస్తాయి. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం మేడెక్కేవాళ్ళం. తెర మీది చిన్న అంకెలు ఆయనకి ఆనేవి కావు. పక్కన కుర్చీ వేసుకుని, ఎత్తెంతో, వేగమెంతో నేను చదివి చెప్పేదాన్ని.

"ఇప్పుడు సఖినేటిపల్లి రేవు మీదున్నాం కదూ?" అనేవారు.

"ఏమోనండీ, నాకు బురద తప్ప ఏం కనపడట్లేదు."

"ఆ బురదేనోయ్ రేవు. కుడిపక్కది నరసాపురం."

అంతే, ఇక బొమ్మతో మాకు పనుండేది కాదు. పెళ్ళైన కొత్తలో ఆయన రాజోలు ఆసుపత్రిలో డాక్టరు. ఆదివారమొస్తే స్కూటరుని పంటు మీదికెక్కించి, గోదావరి దాటి నరసాపురంలో సినిమాకి వెళ్ళేవాళ్ళం. పంటంటే రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టింది. మనుషులూ, సైకిళ్ళూ, అరటిగెలలూ అన్నీ దాని మీదే. ఒక ఆదివారం అది నది నడుమ ఇసుకమేట మీదికెక్కి కూర్చుంది. పోటు వచ్చి నీళ్ళు పెరిగే దాకా కదలదన్నారు. మొదటాట పోయిందని ఆయన చిర్రుబుర్రులాడుతుంటే, ఇంటికెళ్ళాక చెబుదామని దాచుకున్న మాట అక్కడే చెప్పేశాను, బిడ్డ పుట్టబోతోందని. ఆయన లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. పక్కనున్న గెలల ఆసామి దగ్గర ఒక అత్తం అరటిపళ్ళు కొని పంటు మీద అందరికీ పంచిపెట్టారు.

ఆ కబుర్లలో ఉండగానే చలికాలం వచ్చింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, కంట్లో వేస్తున్న ఇంజెక్షన్లు పనిచేయడం లేదనీ, బాగున్న రెండో కన్ను కూడా అదే దారిన వెళుతోందనీ చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు కారు నేనే నడిపాను.

"ఆగడం కార్డుకి మంచిదే," అన్నారు ఆయన, ఇల్లు దగ్గర పడ్డాక. "నా కళ్ళే ఆగేట్టు లేవు."

కళ్ళు అంతగా పాడవుతున్నాయని అమ్మాయికి అన్నాళ్ళూ మేం చెప్పలేదు. తను కంగారు పడుతుందని ఆయన చెప్పనివ్వలేదు. ఆ సాయంత్రం వంటింట్లోంచి ఫోన్ చేసి నేనే చెప్పేశాను.

"అమ్మా, వెయిట్ చేయమన్నది నేనే కదా," అంది. "ఎందుకు చెప్పలేదు నాకు?"

ఆ వారాంతమే అమ్మాయి సిడ్నీలో విమానం దిగింది. మెల్‌బోర్న్‌లో దుకాణాలన్నీ తిరిగి సంపాదించిన కార్డుని తన ఉన్ని స్వెటర్లో చుట్టి, చేతిసంచిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. కంప్యూటర్ మూత తీసి తను బిగిస్తుంటే, ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పట్టారు.

"కొంచెం లెఫ్ట్‌కి, నాన్నా. ఆఁ, హోల్డ్ ఇట్ దేర్."

ఆయన చెయ్యి కొంచెమైనా వణకలేదు. అమ్మాయి ప్లగ్గుని గట్టిగా నొక్కింది. కంప్యూటర్ వెలిగించాక, వేడెక్కుతోందేమోనని చాలాసేపు వేలితో తాకి తాకి చూసింది.

రాజమండ్రిలో లేచాం. గోదావరి మీద ఎండ తళతళలాడుతోంది. లంకలు, ఇసుక తిన్నెలు, నీళ్ళ మీద పరుగెత్తే మా విమానం నీడ. ఊళ్ళలో ఇళ్ళు మాత్రం ఎర్రపెంకులతో మా వీధిలో ఇళ్ళలా ఉన్నాయి. "కోనసీమ నిండా రౌస్ హిల్ కట్టేశాడోయ్ ఈ ఆట చేసినవాడు," అని ఆయన పగలబడి నవ్వారు. రేవు దగ్గరికొచ్చాక నవ్వాగింది. బాగా కిందికి దించారు. పంటు లేదు, మనుషులు లేరు. నీళ్ళ వెడల్పు మాత్రం అచ్చం అదే.

"ఇక్కడేనమ్మా," అన్నారు అమ్మాయితో. "మీ అమ్మ నీ సంగతి నాకు చెప్పింది ఇక్కడే. నది మధ్యలో."

"నా సంగతా? నీళ్ళ మధ్యలోనా?" తను తెర దగ్గరికి జరిగింది. "ఓ మై గాడ్, నాన్నా, మళ్ళీ ఒక రౌండ్ కొట్టండి. స్లోగా."

ఆ మధ్యాహ్నం రేవు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో! ఇసుకమేట, గెలల ఆసామి, పోయిన సినిమా, అన్నీ అడిగి చెప్పించుకుంది.

ఆ కార్డు మమ్మల్ని ఏ ఇబ్బందీ పెట్టలేదు. తర్వాత దాని రేటు తగ్గింది కూడా, అమ్మాయి చెప్పినట్టే. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరమూ ఎత్తలేదు. మరో ఏడాదికి పైగా ఆయన గోదావరిని తేటగా చూసుకున్నారు.

ఇప్పుడు ఆయన చూపులో నడిమి భాగం పోయింది. ఎదురుగా ఉన్నది కనపడదు, అంచుల్లో ఉన్నదే కనపడుతుంది. విమానం నేను నడుపుతాను, మహా వంకరగా. రేవు వచ్చిందని చెబితే ఆయన మొహం కిటికీ వైపు తిప్పేసి, ఓరకంట నదిని చూస్తారు. "కనపడుతోందాండీ?" అంటాను. "నువ్వు కాస్త తిన్నగా నడిపితే కనపడుతుంది," అంటారు.