పదకొండుతో పోయే సంఖ్య

నిన్న సాయంత్రం చిన్నదానికి స్నానం చేయిస్తూ డ్రమ్ము బయటి అంచు పట్టుకుని చెంబు ముంచినప్పుడు చేతికి నీలం రంగు పెచ్చు అంటుకుంది. అది ఊడిన చోట తడి ప్లాస్టిక్ మీద నల్లటి అంకెలు బయటపడ్డాయి: 31807941. చూడగానే నా మనసు ఒకటి విడిచి ఒకటి కూడడం మొదలుపెట్టింది. మూడు, ఎనిమిది, ఏడు, నాలుగు కలిపితే ఇరవై రెండు. మిగిలినవి కలిపితే పదకొండు. తేడా పదకొండు. చెంబులోని నీళ్లు పిల్ల మీద పోయలేకపోయాను.

ఆ లెక్క నేర్పింది యాదగిరి సార్. డిగ్రీ అయిన కొత్తలో పటాన్‌చెరులో మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలో చేరాను. ఆయన మా గోదాము ఇన్‌ఛార్జి. రసాయనాల డ్రమ్ములన్నింటికీ పదకొండుతో శేషం లేకుండా పోయే సంఖ్యలే వేయించేవారు. రాసేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారైతే ఇక పోదు, తప్పు దొరికిపోతుంది. ఒకటి విడిచి ఒకటి కూడితే రెండు మొత్తాల తేడా సున్నాగానీ, పదకొండుతో పోయేదిగానీ రావాలి. టీ తాగుతూ కూడా ఊరుకునేవారు కాదు. గేటు ముందు లారీ ఆగితే, "సూడు బిడ్డా, గా నంబరు లొంగేదా, మొండిదా?" అనేవారు. తనతో, ఒకటితో తప్ప దేనితోనూ పోనిది ఆయన భాషలో మొండిది.

"మీలాంటిదన్నమాట" అన్నాను ఒకసారి.

"నన్నా? మా ఇంటామె దినాం భాగిస్తది. శేషం గూడ మిగలదు."

ఇంకోరోజు వాదించాను, ఊరికే రాసిన సంఖ్యల్లోనూ పదకొండింట ఒకటి పోతుంది కదా అని. ఆయన నవ్వలేదు. "పోతే మనదేనని ఖాయం గాదు. పోకుంటే మనది కాదని ఖాయం. గీ రెండూ ఒకటే అనుకోకు."

ఖాళీ డ్రమ్ముల అడుగున గునపంతో బొక్క కొట్టించాకే బయటికి పంపేవారు. లోడింగు చేసే మల్లమ్మ ఇంట్లో నీళ్లు పట్టుకోడానికి బొక్క కొట్టనిది ఒకటి అడిగింది.

"సర్ఫు పెట్టి కడుక్కుంట సారూ."

"కడుగుతవు. పోయిందని ఎట్ల తెలుస్తది?"

"వాసన రాదు గద."

"వాసన లేనియి గూడ ఉంటయి, మల్లమ్మా."



మా కాలనీకి ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే అందరిలాగే పాత సామాన్ల కొట్లో ఈ డ్రమ్ము కొన్నాం. బొక్క లేదు. సార్ చనిపోయాక ఫ్యాక్టరీలో ఆ పద్ధతి ఉందో లేదో. ఎండాకాలమంతా పిల్లలు ఈ నీళ్లతోనే నోరు పుక్కిలించారు.

"పదకొండింట్ల ఒకటి ఎట్లనన్న పోతది. పరేషాన్ గాకు" అన్నారు మావారు. నిజమే. కానీ పోకుండా ఉంటే నేను నిద్రపోయేదాన్ని. పోయింది కాబట్టి నా దగ్గర ఏ జవాబూ లేదు. జవాబు లేదని ఒప్పుకోవడమే సార్ దగ్గర నేర్చుకున్న లెక్కల్లో అన్నిటికన్నా కష్టమైనది.

ఈ పొద్దున నీళ్లన్నీ పారబోస్తుంటే పెద్దవాడు అడిగాడు, "అండ్ల విషముందా అమ్మా?"

"తెల్వది బిడ్డా" అన్నాను. "అందుకే ఇయ్యాల బడి వద్దు, దవాఖానకు పోదాం. ఆడ గూడ తెల్వదంటే ఇంకో దగ్గర అడుగుదాం. చెల్లెకు చెప్పులు తొడుగు."