డిప్పర్ కొట్టని కారు

కంచిలి చుట్టుపక్కల ఊళ్ళలో డయాలసిస్‌కు వెళ్ళే ఇళ్ళవాళ్ళకు శామ్యూల్ పేరు కొత్త కాదు. తెల్లవారగానే కారు గుమ్మం ముందు నిలబెట్టి, మనిషిని పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి, రక్తం శుద్ధి అయినంతసేపూ వరండాలో కూర్చుని, సాయంత్రం మళ్ళీ ఇంటి దగ్గర దించుతాడు. నీరసంతో కాళ్ళు తడబడేవాళ్ళని చంకలో చెయ్యి వేసి నడిపిస్తాడు. గతుకు రాబోతోందంటే ముందుగానే "గట్టిగా కూకోండమ్మా" అంటాడు. ఆదివారం బాప్టిస్టు గుడిలో చందా సంచి పట్టుకుని వరసల మధ్య ఎంత నెమ్మదిగా నడుస్తాడో ఉద్దానం రోడ్ల మీద కారునీ అలాగే నడుపుతాడని సంఘంలో వాళ్ళు నవ్వుకునేవారు. స్టీరింగు పట్టిన ఇన్నేళ్ళలో మేకపిల్లకి కూడా దెబ్బ తగలనివ్వలేదు. ఆ మాట తనంతట తను ఎప్పుడూ చెప్పుకోడు కానీ, ఇంకెవరైనా అంటే మొహం విప్పారేది.

పాత కారు ఇంజను ఇంక బాగుపడదని తేలాక విశాఖపట్నం వెళ్ళి ఇంకో కారు కొన్నాడు. సెకండ్ హ్యాండుదే, కానీ మొదటి యజమాని పెద్దగా తిప్పలేదు. అమ్మినవాడు లైట్ల మీట చివరనున్న మరను ఒక గుర్తు దగ్గరకి తిప్పి చూపించాడు.

"దీన్ని ఆటోలో పెట్టి మర్చిపో. చీకటి పడితే లైట్లు అదే వేసుకుంటుంది. ఎదురు బండి వస్తే లైటు కిందికి దించి అదే డిప్పర్ కొడుతుంది, బండి దాటిపోగానే మళ్ళీ అప్పర్ లైటు అదే ఎత్తుకుంటుంది. నీకింక పని లేదు."

నిజంగానే పని లేకుండా పోయింది. టెక్కలి వైపు హైవే మీద ఎదురుగా లారీ లైట్లు చుక్కల్లా కనిపిస్తే చాలు, కారు తనంతట తనే చూపు దించుకునేది. మొదట్లో శామ్యూల్ చిన్నపిల్లాడిలా ముచ్చటపడ్డాడు. "నాకన్నా మర్యాద తెలిసిన బండి ఇది" అని భార్య కృపతో చెప్పుకున్నాడు. కొన్నాళ్ళకి ఆ ముచ్చటా పోయింది, ఆ సంగతి పట్టించుకోవడమే మానేశాడు. ఇన్నేళ్ళూ లైట్ల మీట మీద తచ్చాడిన వేళ్ళు ఇప్పుడు స్టీరింగు మీద ఊరికే పడి ఉండేవి.

ఆ రోజు కారులో ఉన్నది తిరుపతిరావు ఒక్కడే. సముద్రం వైపు ఊళ్ళో కొబ్బరితోట ఉన్న రైతు. మూత్రపిండాలు చెడి ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడు. చలికాలం కావడంతో కంచిలి దాటేసరికే పొద్దు గుంకింది. రోడ్డుకి ఒకపక్క జీడితోటలు, ఇంకోపక్క కొబ్బరితోటలు, మధ్యన సన్నటి తారురోడ్డు. ఎదురుగా బండి అన్నది లేదు. అప్పర్ లైటు వెలుగు కొబ్బరి బోదెల మీదుగా ఎంతో దూరం పరుచుకుంది. శామ్యూల్ కళ్ళు ఆ వెలుగు చివరనే ఉన్నాయి. దూరం అంత బాగా కనిపిస్తూంటే దగ్గర చూడాలన్న ధ్యాస మనిషికి ఉండదు. తిరుపతిరావు ముందు సీట్లో తల అద్దానికి ఆన్చి పడుకున్నాడని శామ్యూల్ అనుకున్నాడు. ఆయన పడుకోలేదు.

"శామ్యూలూ, ఆపు."

"ఏటి బాబూ, వాంతొత్తందా?"

"అది కాదురా. ఆడమనిషి ఉంది కదా అక్కడ. ఏదీ?"

"ఎక్కడ బాబూ? నాకెవులూ అవుపడనేదే."

"తల మీద బుట్టెట్టుకుని ఎదురుగా నడిసొచ్చింది. సెయ్యి కల్లకి అడ్డం ఎట్టుకుంది. మరి సూత్తే నేదు."

శామ్యూల్ బ్రేకు వేశాడు. కారుకి ఏదీ తగల్లేదు, చిన్న చప్పుడైనా వినపడలేదు. అయినా ఆయన గొంతులోని బెదురు తనకీ అంటుకుంది. మెల్లిగా వెనక్కి పోనిచ్చాడు. ఇటూ అటూ గోడలు లేని కల్వర్టు దగ్గరకొచ్చేసరికి వెనక లైటు వెలుగులో తారు మీద ఏవో మెరిశాయి. దిగి చూస్తే చేపలు. కొన్ని ఇంకా తడిగా ఉన్నాయి. బుట్ట కల్వర్టు అంచున బోర్లాపడి ఉంది. మనిషి లేదు.

శామ్యూల్ ఫోను టార్చి వేశాడు. కింద కాలవలోంచి మూలుగు వినిపించింది.

"ఎవులు బాబూ? ఎవులక్కడ?"

ఆ గొంతు శామ్యూల్ గుర్తుపట్టాడు. రత్నాలమ్మ. పడవలొచ్చే వేళకి రేవుకి పోయి, చేపలు కొనుక్కుని, ఊళ్ళలో అమ్ముకుంటూ నడిచి వచ్చే మనిషి. కృప ఆమె దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర చేప కొనదు. శామ్యూల్ ఆమెని వరసపెట్టి అప్పా అని పిలుస్తాడు, అక్క అన్నట్టు.

"అప్పా, నానే, శామ్యూల్ని!" అంటూ గట్టు మీంచి జారుకుంటూ దిగాడు. బురదలో, గుర్రపుడెక్క మధ్య కూలబడి ఉందామె. ఒక కాలు మోకాలి కింద ఉండకూడని తీరులో వంగి ఉంది. నొప్పి సంగతి ఆమె ఎత్తలేదు. రెండు చేతులూ గాల్లో తడుముతోంది.

"తమ్ముడా, నాకు కల్లు పోనాయిరా. సూరీడొచ్చి మొకం మీద పడిపోనట్టయినాది. మరేటీ అవుపడ్డం నేదు. నాను గుడ్డిదాన్నయిపోనాను తమ్ముడా."

టార్చి ఆమె మొహం మీద పడింది. కళ్ళు విప్పి నేరుగా అతనివైపే చూస్తోంది, కానీ అతన్ని చూడటం లేదు. శామ్యూల్ గబుక్కున వెలుగు పక్కకి తిప్పేశాడు. ఎందుకో ఆ క్షణాన ఆ చిన్న టార్చి అంటే కూడా భయమేసింది.

తిరుపతిరావు నీరసాన్ని మరిచి, డయాలసిస్ సూదులు గుచ్చినచోట కట్టు కట్టిన చేత్తోనే పైనుంచి ఫోను పట్టుకుని వెలుగు చూపించాడు. శామ్యూల్ ఆమెని భుజానికెత్తుకుని గట్టెక్కించి, వెనక సీట్లో పడుకోబెట్టాడు. కారు సోంపేట ఆసుపత్రి దారి పట్టింది. అతను మీట చివరి మరను ఆటోలోంచి తప్పించి, లైటు కిందికి దించి ఉంచాడు. కొంత దూరం పోయాక రత్నాలమ్మకి కారు లోపలి దీపం మసకగా ఆనింది. అమ్మయ్య అనుకుని ఏడ్చింది. ఆ తర్వాత తిట్లు మొదలెట్టింది.

"ఆ కారోడు సల్లగా ఎల్లిపోనాడు సూడు! మడిసి అనుకున్నాడో, రాయి అనుకున్నాడో. నువ్వు ఎనకాల రాబట్టి సరిపోనాది తమ్ముడా, నేకపోతే ఆ బురదలోనే నా పేనం పోను. నీ పిల్లలు సల్లగుండాల."

తిరుపతిరావు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. శామ్యూల్‌కి ఆ దీవెన వింటూ ఇంకో గజం కూడా బండి నడపలేననిపించింది. పక్కకి ఆపాడు.

"అప్పా, నాను ఎనక రానేదు. ఆ కారు ఇదే."

రత్నాలమ్మ సీటు మీంచి తల ఎత్తింది.

"కాదు," అంది రత్నాలమ్మ. "నువ్వు కావు."

"నానే అప్పా."

"నువ్వయితే డిప్పర్ కొడతావు. ఇన్నేళ్ళూ సూడనేదేటి? రోడ్డు మీద మడిసి అవుపడితే సాలు, అంత దూరం నుంచే లైటు దించీసేవోడివి. లైటు దించితే శామ్యూలొత్తన్నాడు అనుకునేదాన్ని. నేకపోతే ఇంకెవులో అని పక్కకి తప్పుకునేదాన్ని. ఇయాల శామ్యూలొచ్చే ఏళ కదా, దించుతాడేమో, దించుతాడేమో అని సూసినాను. అది దించనేదు. అడుగు ఎనక్కేసినాను, కింద నేల నేదు."

ఆమె కోపంగా అనలేదు. తెల్లబోయి అంది. ఆ తెల్లబోవడమే అతన్ని కొట్టినట్టయింది. ఆమె తన డిప్పర్ని అంతగా నమ్ముకుని నడుస్తోందని అతనికి అంతవరకూ తెలియదు.

కాలి ఎముక విరిగిందన్నారు ఆసుపత్రిలో. కళ్ళకి భయం లేదన్నారు. పిండికట్టు వేశారు.

మర్నాడు శామ్యూల్ కారు తీసుకుని పలాసలో సుమన్ షెడ్డుకి వెళ్ళాడు. సన్నగా వాన పడుతోంది. సుమన్ అతని పాత కారు రోగాలన్నీ చూసిన మెకానిక్కు. జరిగినదంతా చెప్పి, లైటు పాడైందేమో చూడమన్నాడు శామ్యూల్. సుమన్ కారు తిప్పి తెచ్చి, ముందరద్దం లోపల పైభాగాన, రోడ్డు కేసి చూసే చిన్న కన్నులాంటి కెమెరాని చూపించాడు.

"ఏటీ పాడవనేదు మావా. ఇది ఎదుటోడి లైటు సూసి మన లైటు దించుతాది. కారు, లారీ అయితే గురుతుపడతాది. నడిసొచ్చే మడిసికి లైటేటుంటాది?"

శామ్యూల్ ఆ కెమెరా కేసి చూశాడు. ఇన్ని నెలలూ తన కారు లారీలకీ కార్లకీ వంగి దండం పెట్టింది. కాలినడకన పోయేవాళ్ళ, దీపం లేని సైకిళ్ళవాళ్ళ మొహాల మీద మాత్రం ఆ వెలుగంతా విసిరికొట్టింది. నౌపడ దగ్గర ఉప్పుమళ్ళకి తెల్లవారకుండా పోయే కూలీల్ని ఎందరిని దాటాడో. వాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుంటే తనకి దండం పెడుతున్నారనుకున్నాడు ఒకసారి.

"మరి సైకిలోడు?"

"సైకిలోడిక్కూడా నమ్మకం నేదు. మలుపు మీద, మిట్ట మీద కూడా లేటుగా సూత్తాది. అద్దం మీద బురదుంటే అసలే సూడదు. అది సాయం మావా, డ్రైవరు నువ్వు." సుమన్ మళ్ళీ ఆటోలోనే పెట్టి ఇంజను నడవనిచ్చాడు. "ఇంకోటి సూడు. ముందుకి రా."

కారు ముందు సన్నటి తెల్ల దీపాలు వానలో అందంగా వెలుగుతున్నాయి.

"ఎలుగుతున్నాయా? ఇప్పుడు ఎనక్కి రా."

వెనక ఒక్క దీపమూ లేదు.

"పగలు కదా, ఎలుతురుందని అది అనుకుంటాది. మంచులోనైనా, వానలోనైనా అంతే. ముందు సిన్న లైట్లు సూసి అన్నీ ఎలిగినాయి అనుకుంటావు. ఎనకొచ్చే లారీవోడికి నువ్వు అవుపడవు. అలాటప్పుడు నువ్వే మర తిప్పి లైట్లెయ్యాల."

శామ్యూల్ తడిసిపోతూ ఆ నల్లటి వెనక భాగం కేసి చూస్తూ ఉండిపోయాడు. ఈ కార్తీకమంతా హైవే మీద పొగమంచులో సూదుల నొప్పితో మూలిగే మనుషుల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ వెనకే లారీలు. వెళ్ళి షెడ్డు గట్టు మీద కూర్చున్నాడు.

ఆ ఆదివారం చీకటి పడే వేళ కృపని వెంటబెట్టుకుని ఊరి బయట రోడ్డు మీదకి వచ్చాడు. కారు ఒక వారగా ఆపి, ఆమెని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, మీట ఎలా తొయ్యాలో చెప్పాడు.

"ఏటి సేత్తన్నారండీ?" కృప భయపడింది.

"నాను దూరం పోయి నడిసొత్తాను. సెయ్యి ఎత్తగానే అప్పర్ వెయ్యి."

చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద కాలినడకన పోయి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. పోయి, తిరిగి, చెయ్యి ఎత్తాడు.

తెల్లగా పేలింది. రోడ్డు మాయమైంది. తన పాదాలు మాయమయ్యాయి. రోడ్డు అంచు ఎక్కడో, గట్టు ఎక్కడో తెలియలేదు. కళ్ళు మూసుకుంటే రెప్పల వెనకా అదే తెలుపు. నాలుగడుగులు వేద్దామనుకుని, రెండో అడుగుకే కాలు వాల్లోకి జారి చేతుల మీద పడ్డాడు. "తీసీ! తీసీ కృపా!" అని అరిచాడు. లైటు ఆరింది. అప్పుడు ఇంకా ఘోరం. గాఢమైన నలుపు. కృప పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకునేదాకా అతనికి ఆమె కనపడలేదు.

"కారు ఆగే ఉంది," అన్నాడు. "ఆగిన కారుకే ఇలగుంది కృపా. అది దూసుకొత్తంటే ముసల్దేటి సేత్తాది?"

రత్నాలమ్మ ఇంటికి రోజు విడిచి రోజు వెళ్ళేవాడు. ఆసుపత్రికి తిప్పడం, కట్టు విప్పించడం అన్నీ తనే చూసుకున్నాడు. ఆమె కోడలు తిరుమల మొదట్లో గుమ్మంలో నిలబడే మాట్లాడేది. రత్నాలమ్మ బాగానే పలకరించేది కానీ కారు ఎక్కాల్సి వచ్చినప్పుడు వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేది. కాలు కుదిరింది, కుంటు మిగిలింది. రేవుకి పోయే నడక తగ్గించి, కంచిలి సంతలో కూర్చుని అమ్మడం మొదలెట్టింది.

వేసవి ముందు ఒక సాయంత్రం సంత నుంచి ఇంటికి తీసుకెళుతూంటే, వెనక సీటు నిండా కొబ్బరికాయల బస్తాలున్నాయి. తప్పక ముందు సీట్లో కూర్చుంది. చీకటి పడింది. శామ్యూల్ దించిన లైటుతో మెల్లిగా పోతున్నాడు. ఎదురుగా ఎవరిదో పెద్ద కారు అప్పర్ వేసుకుని వస్తోంది. శామ్యూల్ ఒకసారి లైటు ఆడించి చూపించాడు. అది దించలేదు.

"అమ్మోయ్!" అని రత్నాలమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"దానికేసి సూడకప్పా. ఇటు రోడ్డు ఎడమంచు సూడు." అతను బదులుగా అప్పర్ వెయ్యలేదు. బండిని నడకంత వేగానికి తెచ్చాడు.

ఆమె వేళ్ళ సందులోంచి ఎడమంచు చూసింది. తెల్లటి వెలుగు, దాని పక్కన నల్లటి గోడలాంటి చీకటి. ఆ చీకట్లోంచి ఉన్నట్టుండి, కారుకి దగ్గరగా, ఒక సైకిలూ దాని మీద ఒక మనిషీ పుట్టుకొచ్చారు. రత్నాలమ్మ కెవ్వున అరిచింది. కారు అప్పటికే దాదాపు ఆగిపోయి ఉంది. సైకిలు మనిషి తడబడి, కాలు ఆన్చి, తమాయించుకుని వెళ్ళిపోయాడు.

పెద్ద కారు దాటిపోయింది. రత్నాలమ్మ ఇంకా డ్యాష్‌బోర్డు పట్టుకునే ఉంది.

"ఇక్కడి నుంచి సూత్తే మేం అవుపడమేటి తమ్ముడా?"

"ఇలగే అప్పా. అందుకే ఆపినాను."

ఇల్లు వచ్చాక రత్నాలమ్మ దిగి, తలుపు వెయ్యకుండా పట్టుకుని నిలబడింది.

"తిరుమలకి సెప్తాను, తెల్ల గుడ్డేదో బుట్టకి కట్టమని. సీకటడితే నానేటి, ఎవులూ అవుపడరు," అంది. తలుపు వేసి, కుంటుకుంటూ లోపలికి పోయింది.