తెర పక్క నుంచి వినపడ్డ పిలుపు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేదాన్ని. చీకట్లో చప్పుడైతే పిల్లి అయి ఉంటుందని మళ్లీ పడుకునే రకం నేను. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు మొహమాటపడ్డాను.

డెబ్బైల్లో మేము మట్టెవాడలో ఉండేవాళ్లం. మా బాపు రాజయ్య ఊరవతల టింబర్ డిపోలో హమాలీ. అడవి నుంచి లారీల మీద మోకులతో కట్టి తెచ్చే టేకు మొద్దులు దించడం ఆయన పని.

క్రిస్మస్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా చర్చి హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి సినిమా వేశారు. మాటల్లేని పాత అమెరికా సినిమా. మంచు అడవి, చెట్లు నరికే కూలీలు, గుర్రాలు, తుపాకులు. బాపు కూడా వస్తానన్నాడు గానీ, లోడు వచ్చిందని కబురు రాగానే డిపోకు వెళ్లిపోయాడు. అమ్మ, నేను వెళ్లాం.

తెర మీద వచ్చే ఇంగ్లిషు అక్షరాలు మాకెవరికీ అర్థం కావు. చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి దేవదానం తాత తెర పక్కన నిలబడి మైకులో కథ చెప్పేవాడు. ఆయనకో అలవాటు. తెర మీది వాళ్లకు మా వాడకట్టు వాళ్ల పేర్లు పెట్టేవాడు. గుర్రం మీది హీరో మా టైలర్, దొంగేమో బియ్యం దుకాణం సేటు. హాలంతా పడీపడీ నవ్వేది. మొద్దులు మోసే పొడుగాటి కూలీకి బాపు పేరు పెట్టాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సినిమా సగంలో ఆ కూలీ నెగడు దగ్గర కూర్చుని లోటాలో ఏదో తాగుతున్నాడు. అంతే. ఉన్నట్టుండి తాత గొంతు మారింది.

"రాజయ్యా! మోకు తెగుతాంది! ఎడమ దిక్కు దుంకురా!"

ఎవరూ నవ్వలేదు. తెర మీద మోకూ లేదు, మొద్దూ లేదు. తాత తడబడి, గొంతు సవరించుకుని మళ్లీ కథలో పడ్డాడు.

పొద్దుగూకే వేళకు బాపు ఇంటికొచ్చాడు. మోచేయి గీరుకుపోయి ఉంది. మంచినీళ్లు తాగి అమ్మను అడిగాడు.

"ఉపదేశి డిపోకెందుకొచ్చిండే? ఎడమ దిక్కు దుంకుమని మొత్తుకున్నడు. దుంకిన. మోకు తెగి మొద్దులన్ని నేను నిలబడ్డ కాడనే పడ్డయి. లేచి చూస్తే మనిషి లేడు."

హాల్లో జరిగింది మేమింకా చెప్పనే లేదు. అమ్మ భోరుమంది. డిపో మా హాలుకు రెండు మైళ్లు. మైకు మోత అంత దూరం పోదు, పోయినా లారీల రొదలో వినపడదు.

అప్పటికప్పుడే ముగ్గురం తాత ఇంటికి వెళ్లాం. అమ్మ ఆయన కాళ్ల మీద పడబోతే తాత వెనక్కి జరిగాడు.

"నాకు మొక్కకు బిడ్డా. ఆ మాట నేనెందుకన్ననో నాకే తెల్వదు. సినిమాల అట్లాంటిదే లేదు."

అది దేవుడి దయ అన్నాడు తాత. తోటి హమాలీలు మేడారం సమ్మక్క తల్లి కాపాడిందన్నారు. నేను ఎవరితోనూ వాదించలేదు. బాపు ఉన్నాడు, నాకు అదే చాలు.

ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఆ గొంతు డిపోకు ఎలా చేరిందో మాత్రం చెప్పలేను. మరుసటి ఏడు మా తమ్ముడు పుట్టాడు. వాడిని చూసిన ప్రతిసారీ, అది ఎవరికో నాకే తెలియకపోయినా, మనసులో ఒక దండం పెట్టుకుంటాను.