స్నేహితుల వంటలు, నా పొటాషియం

ఆ రోజు గౌతమీ ఘాట్ దగ్గర ఉదయం నడక ముగించుకుని మెట్లెక్కుతుంటే నా కాళ్ళు లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ఎత్తబోతే లేవలేదు, అంతే. రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను. గుండె గబగబా కొట్టుకుని, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు అనిపించింది.

"ఏంటండీ ప్రకాశంగారూ, ఆగిపోయారు?" అన్నారు వెనకాలే వస్తున్న విశ్వం మాస్టారు.

"కాళ్ళు రావట్లేదండి మాస్టారూ."

"నీరసం అయ్యుంటుంది. సత్యంగారూ, ఆ కొబ్బరిబొండం ఇటివ్వండి."

సత్యంగారు బొండం నా నోటికి అందించారు. మొత్తం తాగాను. ఆటో ఎక్కించేసరికి తల నిలవడం లేదు. అక్కణ్ణించి నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్ళారు.

నా గురించి కొంచెం చెప్పాలి. ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. చాలా ఏళ్ళుగా బీపీ ఉంది. నా భార్య విజయ పోయాక రాజమండ్రిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. అమ్మాయి సునీతకి కాకినాడలో ఉద్యోగం, సంసారం. నాకు వంట బొత్తిగా రాదు. విజయ పోయిన కొత్తలో హోటల్ ఇడ్లీలతో కడుపు నింపుకుంటుంటే, రోజూ నాతో నడిచే ఇద్దరు స్నేహితులు నన్ను దారిలో పెట్టారు. విశ్వం మాస్టారు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశారు. సత్యంగారికి కడియంలో మొక్కల నర్సరీ ఉంది. ఆయన భార్య లక్ష్మిగారు వంటలో చెయ్యి తిరిగిన మనిషి.

మా నలుగురికీ ఫోన్‌లో 'పొద్దుటి నడక' అని ఒక గ్రూపు ఉండేది. లక్ష్మిగారు అందులో వాయిస్ మెసేజీలు పెట్టేవారు. "అన్నయ్యగారూ, ఆవాలు చిటపటలాడాకే కరివేపాకు వెయ్యండి. ముందే వేశారంటే మాడిపోద్ది." స్టవ్ పక్కన ఫోన్ పెట్టుకుని, ఆవిడ గొంతు వింటూ పప్పు, పులుసు, మునగాకు పొడి నేర్చుకున్నాను. మాస్టారు పొద్దున్నే రాగిజావ, అరటిపండు తినమనేవారు. సత్యంగారు, బీపీకి మంచిదని ఎక్కడో విని, సోడియం తక్కువుండే ఉప్పు తెచ్చి అందరికీ తలో ప్యాకెట్ ఇచ్చారు. నేను వండినవన్నీ ఫొటో తీసి పెట్టేవాణ్ణి. ఒక్కణ్ణే కూర్చుని తింటున్నా, ముగ్గురు ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టుండేది.

ఆసుపత్రిలో ఈసీజీ తీసీ తీయగానే హడావుడి మొదలైంది. "పొటాషియం బాగా పెరిగిపోయిందండి. గుండె మీద పడుతోంది," అన్నారు డ్యూటీ డాక్టరు. చేతికి ఒకదాని తర్వాత ఒకటి ఇంజెక్షన్లు చేశారు. డ్రిప్ పెట్టారు. ముక్కుకి నెబ్యులైజర్ తగిలించారు. సునీత కాకినాడ నుంచి వచ్చేసరికి నన్ను ఐసీయూలో పడుకోబెట్టారు.

మర్నాడు కిడ్నీ డాక్టరమ్మ వచ్చారు. నిదానంగా మాట్లాడే మనిషి.

"రోజూ ఏం తింటారండి?"

నేను కాస్త గర్వంగానే చెప్పాను. కొబ్బరినీళ్ళు, అరటిపండు, రాగిజావ, మునగాకు, ఆకుకూరలు, టమాటా చారు. ఉప్పు కూడా మార్చుకున్నానన్నాను.

ఆవిడ రాస్తున్న పెన్ను ఆపారు. "ఏ ఉప్పు?"

సునీత ఇంటికెళ్ళి ప్యాకెట్ ఫొటో పంపింది. డాక్టరమ్మ ఫోన్‌ని దగ్గరగా పట్టుకుని చదివారు. "ఇందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారండి. మీ క్రియాటినిన్ చూస్తే కిడ్నీలు ఎప్పటినుంచో దెబ్బతిన్నట్టున్నాయి. వచ్చిన పొటాషియాన్ని బయటికి పంపలేకపోతున్నాయి. మీరు వాడే బీపీ మాత్ర కూడా దాన్ని కొంత పెంచుతుంది. అన్నీ ఒకదానికొకటి తోడయ్యాయి."

"మరి ఇవన్నీ ఒంటికి మంచివే కదండీ?"

"మంచివేనండి. మీకు కావు."

సాయంత్రం సత్యంగారు చూడ్డానికొచ్చారు. సునీత ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన మంచం చివర నిలబడి, దుప్పటి అంచు పట్టుకుని, "నా చేత్తో నేనే ఇచ్చానండీ. ఆ కొబ్బరినీళ్ళు కూడా నేనే పట్టించాను," అన్నారు. కళ్ళనిండా నీళ్ళు.

"మీరేం చేస్తారండి? నా కిడ్నీల సంగతి నాకే తెలీదు," అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

డయాలసిస్ దాకా వెళ్ళకుండానే పొటాషియం దిగింది. మాత్రలు మార్చారు. ఇంటికి పంపేముందు డైటీషియన్ అమ్మాయి కూర్చోబెట్టి నేర్పింది. కూరగాయలు తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబొయ్యాలి. మామూలు ఉప్పే, అది కూడా కొంచెమే. సునీత వారం పదిరోజులు నాతో ఉండి, "డాడీ, కాకినాడ వచ్చెయ్యండి," అని బతిమాలింది. వెళ్ళలేదు. విజయతో కాపురం చేసిన ఇల్లు, ఆదివారం చర్చి, నా నడక, అన్నీ ఇక్కడే.

ఆ తర్వాతి నెలలే కష్టమయ్యాయి. ఉడికించి వార్చిన సొరకాయకి రుచి అంటూ ఉండదు. చర్చిలో ప్రేమవిందు రోజు అందరూ బంతిలో కూర్చుంటే, నేను ఏదో పని ఉన్నట్టు ముందే బయటికొచ్చేసేవాణ్ణి. "ఒక్క ముద్ద తింటే ఏమవుద్దండీ?" అని అడిగే వాళ్ళకి జవాబు చెప్పలేక.

గ్రూపు కూడా మూగబోయింది. ముందు లక్ష్మిగారి గొంతు ఆగిపోయింది, తర్వాత మాస్టారి సలహాలు. "ఆరోగ్యం ఎలా ఉందండి?" అని అప్పుడప్పుడు ఒక మెసేజీ, కింద దణ్ణం బొమ్మ. మోకాళ్ళ నొప్పులొచ్చి మాస్టారు పొద్దున నడక మానేశారు. సత్యంగారు వేరే వేళకి వెళ్తున్నారని విన్నాను. నేనొక్కణ్ణే నడిచేవాణ్ణి. ఇంటికొచ్చాక ఫోన్ తీసి, లక్ష్మిగారి పాత మెసేజీలు విని, పక్కన పెట్టేవాణ్ణి. వాటిలో ఒక్క వంట కూడా నేను తినగూడదు. గొంతు కోసం వినేవాణ్ణి.

నా పుట్టినరోజున ఉండబట్టలేక బచ్చలికూర పప్పు వండుకున్నాను. ఉడికించిన నీళ్ళు పారబొయ్యలేదు. కడుపారా తిన్నాను, మిగిలింది మర్నాడూ తిన్నాను. ఆ వారం రక్తపరీక్షలో పొటాషియం మళ్ళీ పైకెక్కింది. "ఒంటరిగా ఉన్నప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలండి. ఈసారి మెట్ల మీద పట్టుకోడానికి ఎవరూ ఉండకపోవచ్చు," అన్నారు డాక్టరమ్మ. కోప్పడలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

కొన్నాళ్ళకి రైతుబజారులో లక్ష్మిగారు కనబడ్డారు. కుశలప్రశ్నలయ్యాక, మాటల్లో పడి, "నిన్న మాస్టారు పెట్టిన ఉలవచారు చూశారా అన్నయ్యగారూ, ఎంత బాగా..." అని ఆగిపోయారు.

"ఎక్కడ పెట్టారమ్మా?"

ఆవిడ చేతిసంచీ వంక చూశారు. తర్వాత చెప్పారు. నేను ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్ళు ముగ్గురూ ఇంకో గ్రూపు పెట్టుకున్నారట. "మీరు తినలేనివన్నీ మీ ఎదురుగా పెడితే ఉసూరుమంటారని మావారు అన్నారండి. మేం మంచికే అనుకున్నాం."

"సరేలేమ్మా," అన్నాను. దొండకాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను. కొయ్యకుండానే సంచీ పక్కన పడేశాను. విజయ పోయినరోజు చుట్టూ ఎంతమందో ఉన్నారు. ఈ రోజు ఎవరితో చెప్పుకోను, ఏమని చెప్పుకోను? నాకేం అన్యాయం జరిగిందని? నా మీద ప్రేమతోనే నన్ను బయట పెట్టారు.

చాలా రోజులు నాలో నేనే నలిగాను. చివరికి ఒకరోజు వార్చిన దొండకాయ వేపుడు, అన్నం క్యారేజీలో పెట్టుకుని కడియం ఆటో ఎక్కాను. సత్యంగారు నర్సరీలో మొక్కలు లోడ్ చేయిస్తున్నారు. నన్ను చూసి గతుక్కుమన్నారు.

"నన్నెందుకు తీసేశారండీ?" అన్నాను. ఇంకోలా అడుగుదామనుకునే వెళ్ళాను. అదే వచ్చింది.

"తియ్యలేదండీ, మిమ్మల్నెలా తీస్తాం?" అన్నారు. చేతులకంటిన మట్టి దులుపుకున్నారు. "మిమ్మల్ని చూస్తే నాకు ఆ బొండమే గుర్తొస్తుందండి. మీ ముందు ముద్ద మింగుడుపడదు. అందుకని తప్పుకు తిరుగుతున్నాను."

"మీరు తప్పుకుంటే నా పొటాషియం తగ్గుతుందాండీ?"

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయారు. షెడ్డులో బల్ల మీద ఆయన క్యారేజీ విప్పారు, నాది నేను విప్పాను. ఆయన గోంగూర, రొయ్యలు మూత కింద దాచబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "తినండి. నాకు వాసన చాలు." ఇద్దరం తిన్నాం. చాలా నెలల తర్వాత ఎదురుగా మనిషి ఉండగా అన్నం తిన్నాను. నా కూర రుచి చూపించమన్నారు. నోట్లో పెట్టుకుని, "ఏంటండీ ఇది, గడ్డిలా ఉంది," అన్నారు. గ్రూపులో దణ్ణం బొమ్మలకంటే ఆ మాట నాకు ఎంతో బాగుంది.

ఇప్పుడు వాళ్ళ కొత్త గ్రూపులో నేనూ ఉన్నాను. వాళ్ళు వాళ్ళకి కావలసినవి పెట్టుకుంటారు. లక్ష్మిగారు అప్పుడప్పుడు, "అన్నయ్యగారూ, ఇది మీకు పనికొస్తుందేమో డాక్టరమ్మని అడగండి," అని బీరకాయతోనో క్యాబేజీతోనో ఏదో ఒకటి చెబుతారు. అడిగాకే వండుతాను. మాస్టారు బయటికి రావడం తగ్గింది, ఫోన్‌లోనే దొరుకుతారు. నా కిడ్నీలు బాగుపడలేదు, బాగుపడవని కూడా చెప్పారు. ఇప్పటికి ఉన్నచోట ఆగి ఉన్నాయి. డయాలసిస్ ఎప్పుడో రావచ్చు. వారంలో ఎక్కువ పూటలు ఇప్పటికీ ఒక్కణ్ణే తింటాను. అది అలవాటవుతుందంటారు గానీ, నాకింకా అవలేదు.

నాలాంటి పథ్యంలో ఉన్నవాళ్ళకి ఒకటే చెబుతాను. ఎవరైనా భోజనానికి పిలిస్తే మానెయ్యకండి. మీ తిండి మీరు క్యారేజీలో పట్టుకెళ్ళండి, ఏం తినకూడదో మీ నోటితోనే చెప్పండి, వాళ్ళ పక్కనే కూర్చుని తినండి. మనం చెప్పకపోతే వాళ్ళు భయపడి దూరంగా జరుగుతారు. వాళ్ళు జరిగారని మనం ఇంకాస్త జరుగుతాం.