బాదం మిఠాయికి నేను వ్రాసిన ఆరు నియమాలు

నా భార్య ఎడమ కాలును డాక్టర్లు తీసేసిన తరువాత మా బంధువులు ఆ నేరాన్ని ఆమె చెల్లెలి మీద మోపారు. చెల్లెలు దొంగచాటుగా బెల్లం తినిపించిందని, అందుకే అక్క కాలు పోయిందని, ఆ చెల్లెలి ఊరైన యాడికి నుంచి మా సోమందేపల్లె దాకా చెప్పుకుంటున్నారు. తినిపించిన మాట నిజం. దొంగచాటు అనే మాట అబద్ధం. ఆమె నా చేతి వ్రాతలో ఉన్న ఆదేశాన్ని అక్షరం తప్పకుండా పాటించింది. ఈ సంగతి నేను నోటితో చెబితే, పెద్దమనిషి మరదలి పరువు కాపాడుతున్నాడని నవ్వి ఊరుకుంటున్నారు. అందుచేత జరిగినదాన్ని జరిగిన వరుసలో వ్రాసి ఉంచడం నా విధి అయింది.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా విరమించాను. నా భార్యకు చాలా ఏళ్లుగా షుగరు వ్యాధి ఉంది. ఇద్దరం సోమందేపల్లెలో ఉంటున్నాం. నిరుడు ఎండాకాలంలో ఆమె చెప్పులోకి ఒక మేకు పొడుచుకు వచ్చింది. అరికాలిలో స్పర్శ పోయినందువల్ల ఆమెకు తెలియలేదు. నీళ్ల ట్యాంకరు వచ్చిందని బిందెలు పట్టుకుని వాకిట్లోకి నాలుగు సార్లు తిరిగింది. తరువాత గచ్చు మీద ఎర్రటి మరకలు చూసి, ఇవేమిటని అడిగినది నేను.

పుండు మానలేదు. అనంతపురంలో శస్త్రవైద్యుడు పాదాన్ని తిప్పి తిప్పి చూసి, "షుగరు దిగితే మానుతుంది సార్. దిగకపోతే పాదం ఉంచలేం. ఆరు వారాలు చూద్దాం" అన్నాడు. ఆ ఆరు వారాలకు నేను ఒక పుస్తకంలో గళ్లు గీసి, ప్రతి ఉదయం రక్తంలో చక్కెర ఎంత ఉన్నదీ వ్రాయడం మొదలుపెట్టాను.

నా భార్య శెనక్కాయల రైతు కూతురు. వాళ్ల ఇంట్లో అన్నం తిన్న తరువాత వేయించిన వేరుశెనగ పప్పు, బెల్లం తునక నోట్లో వేసుకోవడం అలవాటు. పెళ్లి అయిన నాటి నుంచి నేను ఆ అలవాటును మాన్పించడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాను. ఆ మొదటి వారంలో బెల్లం ముక్కలు పసుపు డబ్బాలో ఒకసారి, దిండు గలీబులో ఒకసారి దొరికాయి. ఉన్న బెల్లమంతా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె నాతో పోట్లాడలేదు. అన్నం తగ్గించింది, తరువాత మాట తగ్గించింది. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది.

"తినకపోతే మాత్రలు పనిచేయవు" అన్నాను.

"నోరు సచ్చిపోయి ఉండాదప్పా. ఏం తిన్నా మన్ను తిన్నట్లుండాది" అంది. ఇతరుల ముందు ఆమె నన్ను మీరు అంటుంది. ఇంట్లో అట్లా అనదు.

అప్పుడే నేను బాదం మిఠాయి తయారీకి పూనుకున్నాను. బాదంపప్పులో పిండిపదార్థం తక్కువ కనుక రోజుకు కొన్ని తినవచ్చునని డాక్టరే చెప్పాడు. తీపికి ఎరిత్రిటాల్ అనే తెల్లని పొడిని హిందూపురంలోని ఒక మందుల దుకాణం వాడు తెప్పించి ఇచ్చాడు. అది నాలుకకు తియ్యగా ఉంటుంది, రక్తంలో చక్కెరను పెంచదు. ఈ రెండూ ఉంటే మిఠాయి అయి తీరాలని నేను తర్కించాను.

కాలేదు. మొదటిసారి ఆ పొడిని నీళ్లలో వేసి తీగపాకం కోసం కాచాను. ఎంతసేపు కాచినా అది నీళ్లుగానే ఉంది, తీగ సాగలేదు. రెండవసారి నీళ్లు లేకుండా నేతిలో కరిగించి బాదం పలుకులు కలిపి పళ్లెంలో పోశాను. చల్లారేసరికి నెయ్యి పైకి తేలింది, అడుగున పటికలాంటి తెల్లని పెళ్లలు మిగిలాయి. బెల్లానికి ఉండే జిగురు ఈ పొడికి లేదు. అది కరుగుతుంది గాని, పట్టుకోదు. మూడవసారి సగం బాదంపప్పును పొడి కొట్టి, చిక్కటి మీగడతో కలిపి సన్నని సెగ మీద తిప్పాను. అది ముద్ద అయింది. ముక్కలుగా కోయబోతే కత్తి కింద పొడిపొడిగా రాలింది. నోట్లో పెట్టుకుంటే పుదీనా నమిలినట్లు చల్లగా ఉంటుంది.

నా భార్య ఒక పెళ్ల తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. "మిఠాయి చేసినావా, గోడకు సున్నం కొట్టడానికి కలిపినావా?"

"రుచి చెప్పు."

"అయ్యవారు చేసినట్లుండాది" అంది. మా వైపు బడిపంతులును అయ్యవారు అంటారు. అయినా ఒక చెంచాడు పొడి తినేది, దానితోపాటు ఇంకో ముద్ద అన్నం. పుస్తకంలో అంకెలు నెమ్మదిగా దిగాయి. రెండవ వారం చివర పుండు అంచుల్లో ఎర్రని కండ కనిపించిందని, అది మానుతున్న గుర్తని నర్సు చెప్పింది. ఆ వారం గళ్లను ఇప్పటికీ అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను.

మూడవ వారంలో నా కంటి శుక్లం ఆపరేషను జరిగింది. ముందే ఇచ్చిన తేదీ, మళ్లీ ఎప్పుడు ఇస్తారో తెలియదు. నల్లద్దాలు పెట్టి, మూడు వారాలు పొయ్యి దగ్గరికి పోకూడదన్నారు. నా భార్య పాదం నేల మీద పెట్టకూడదు. కనుక యాడికిలో ఉన్న మరదలిని పిలిపించాం. వాళ్లకు ఆ ఏడు విత్తిన తరువాత చినుకు పడలేదు. చేను గొర్రెలకు వదిలేసి, బట్టల మూటతో వచ్చింది. ఐదవ తరగతి దాకా చదివింది. చదివినదాన్ని మాత్రం మరిచిపోలేదు.

ఆమె కోసం నేను ఆరు నియమాలు వ్రాశాను. ఆపరేషనుకు ముందురోజు, పెద్ద అక్షరాలతో, మార్జిను వదిలి వ్రాశాను. బాదంపప్పు ఎంతసేపు నానవలె, తొక్క ఎప్పుడు తీయవలె, సెగ ఎట్లా ఉండవలె అన్నీ ఉన్నాయి. నాలుగవ నియమం రెండే మాటలు: చక్కెర వేయరాదు. దాని కింద రెండు గీతలు గీశాను. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటూ అంతా చదివి, తల ఎత్తి అడిగింది.

"బావా, ఇది పట్టుకోకపోతే ఏం చేయల్ల?"

"కాగితంలో ఉన్నది చెయ్యి. కాగితంలో లేనిది నన్ను అడగవద్దు" అన్నాను.

ఈ వాక్యాన్ని నేను ముప్పై ఏళ్లకు పైగా తరగతిలో వేరువేరు రూపాలలో వాడాను. అప్పుడు ఎవరి కాలూ పోలేదు.

ఆపరేషను అయిన నాలుగవ నాడు వంటింట్లోంచి కత్తి చప్పుడు వినబడింది. టక్ టక్ మని సమంగా. మిఠాయి ముక్కలుగా తెగుతున్నది. నేను మంచం మీద నుంచే, "కుదిరిందా?" అని కేక వేశాను.

"కుదిరింది బావా! మా అక్క మూడు తునకలు తినేసింది!"

"ఏమ్మే, రెండే గదా తినింది. పిల్లోల్ల మాదిరి చాడీలు చెప్తావేం?" అని నా భార్య. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు విని చాలా దినాలు అయింది. నియమాలు స్పష్టంగా వ్రాస్తే ఎవరైనా చేయగలరని నేను సంతోషించాను. మరదలు ఒక ముక్క తెచ్చి నా చేతికి ఇచ్చింది. నేను భోజనాల మధ్య ఏదీ నోట పెట్టను. నల్లద్దాల వెనుక నుంచి చూసి, ఆకారం బాగుందని మెచ్చుకుని తిరిగి ఇచ్చేశాను. ఆ అద్దాలలో పాలూ పప్పూ ఒకే రంగు.

ఆ దినం నుంచి నా భార్య కడుపునిండా తిన్నది. పుస్తకంలో అంకెలు ఎక్కసాగాయి. మరదలు చదివి చెబితే నేను తడుముకుంటూ వ్రాసేవాణ్ణి. మొదట మాత్రలను అనుమానించాను. తరువాత పరీక్ష యంత్రం చెడిందని కొత్తది తెప్పించాను. అన్నం ఎక్కువ తింటున్నదని అన్నం కొలిచి పెట్టించాను. కాగితాన్ని అనుమానించలేదు.

ఐదవ వారం చివర అద్దాలు తీయవచ్చునన్నారు. తీసి ఇంటికి వచ్చి చూస్తే, బల్ల మీద పళ్లెంలో మిఠాయి ఆరుతున్నది. నేను చేసినది ఉప్పులాగా తెల్లగా ఉండేది. ఇది ఎర్రమట్టి రంగులో ఉంది. వంగి వాసన చూశాను.

"ఇందులో ఏం వేశావు?"

"బాదం, నీ పొడి, మీగడ. ఇంత బెల్లం" అని పిడికిలి చూపింది. "అది లేకపోతే యాడ పట్టుకుంటాది బావా? మొదటి దినం అంతా ఇసకైపాయ. అక్క ఉమ్మేసింది."

"బెల్లం తాళంలో ఉంది కదా!"

"నా మూటలో తెచ్చుకుంటి. మాకు బెల్లం లేకుండా గడుస్తాదా?"

"చక్కెర వేయరాదని వ్రాశానా లేదా?" నా గొంతు వీధిలోకి వినబడి ఉంటుంది.

ఆమె బిత్తరపోయింది. "చక్కెర యాడ వేసినా బావా? నా బిడ్డల మీద ఒట్టు, ఒక్క పలుకు వేయలేదు. చక్కెర డబ్బా మూత గూడా తీయలేదు. మా ఊర్లో షుగరు ఉండేటోల్లంతా చక్కెర మానేసి బెల్లం టీనే తాగుతాండారు. కాగితంలో బెల్లమని యాడుండాది, నువ్వే చూపీ."

కాగితం తెచ్చి నా ముందు పరిచింది. నాలుగవ నియమం మీద వేలు పెట్టింది. నేను ఆరు నియమాలూ మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. బెల్లం అనే మాట ఎక్కడా లేదు.

మా వైపు చక్కెర అంటే అంగట్లో దొరికే తెల్లని పలుకులు మాత్రమే. బెల్లం బెల్లమే. ఒకటి రోగం తెచ్చేది, రెండవది ఒంటికి మంచిది అని ఇక్కడ పుట్టిన ప్రతివారూ నమ్ముతారు. రక్తంలో చేరితే రెండూ ఒకటేనని నాకు తెలుసు. తెలిసిన ఆ అర్థంలో ఆ మాట వ్రాసి, తెలియని మనిషి చేతికి ఇచ్చాను. చదివేవాడికి ఏ అర్థం తోస్తుందో అది చూసుకుని వ్రాయాలని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క లేదు.

మరుసటి దినమే ఆసుపత్రికి తీసుకుపోయాం. వారం కిందట నర్సు మార్చిన కట్టు విప్పితే మడమ దాకా నల్లబడి ఉంది. మోకాలి కింద తీసేశారు. ఆ బెల్లం వల్లనే ఇది జరిగిందా అని నేను వైద్యుణ్ణి సూటిగా అడిగాను. "అదొక్కటే అని చెప్పలేను సార్. కాదని కూడా చెప్పలేను" అన్నాడు. ఇంతకంటే కచ్చితమైన సమాధానం నాకు ఇంతవరకు దొరకలేదు.

ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం, చెల్లెలు బయట బట్టలు ఉతుకుతున్నప్పుడు, నా భార్య తానుగా చెప్పింది.

"మొదటి తునకకే తెలిసింది నాకు. బెల్లం తెలీకుండా పోతాదా?"

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఇంకో కాగితం రాస్తావు."

 ఆమె దుప్పటి కింద చదునుగా ఉన్న చోటును చేత్తో సర్దుకుంది. "కాలు పోతాదని నాకు ఎప్పుడో తెలుసప్పా. నువ్వే నమ్మలేదు. పోయేదాని కోసం నోరు గూడా కట్టుకోల్లనా?"

"నీ చెల్లెలిని అందరూ ఆడిపోసుకుంటారు."

"దాన్ని ఏమీ అననీకు. నాకు తెలిసే తిన్నానని రాయి. అందరి ముందర నేను చెప్పలేను, నోరు రాదు. రాసేదేదో తప్పుల్లేకుండా రాయి."

ఆమె అనుమతితోనే ఇది వ్రాశాను. కాని నేను కలం పట్టేలోగా బంధువులు చేయవలసింది చేసేశారు. పరామర్శకు వచ్చిన ఒక పెద్దావిడ అందరి ఎదుట, "ఏమ్మే, అక్కకు బాగానే బెల్లం పెట్టినావే" అన్నది. మరదలు ఆ సాయంత్రమే మూట కట్టుకుంది. బస్సు దాకా నేను వెంట నడిచాను. దారిలో ఆమె ఒక్కటే అడిగింది: "బావా, ఆ కాగితం పారేసినావా, పెట్టినావా?" పెట్టానన్నాను. ఆమె బస్సు ఎక్కింది. ఇప్పుడు ఫోను చేస్తే ఎత్తడం లేదు.

గత నెలలో నా భార్య కుడి పాదం చిటికెన వేలు రంగు మారింది. అదే వైద్యుడు చూశాడు. ఈసారి వారాలు చెప్పలేదు. నేను నియమాలు తిరిగి వ్రాశాను. నాలుగవ దాని కింద చక్కెర, బెల్లం, తాటిబెల్లం, కలకండ, తేనె, ఖర్జూరం, ఎండుద్రాక్ష, చెరకురసం అని చేర్చాను. మిఠాయి మాత్రం ఇప్పటికీ పట్టుకోవడం లేదు. ప్రతి ఆదివారం చేస్తున్నాను. నా భార్య చెంచాతో ఒకసారి కలియబెట్టి, గిన్నె నా వైపు జరుపుతుంది. పొడి నేనే తింటున్నాను, భోజనాల మధ్య.

పాఠకులకు ఒక విన్నపం. ఆ జాబితాలో నేను వదిలేసిన తీపి పేరు ఏదైనా మీ ఊరి మాటలో ఉంటే తెలియజేయండి. చెల్లెలి విషయంలో నేను ఎక్కడైనా తక్కువ చెప్పి ఉంటే, అక్కడ గీత గీసి చూపండి. వయసుకు, చదువుకు మొగమాటపడి ఊరుకోవద్దు. సెగ విషయంలోనో, మీగడ కొలత విషయంలోనో తెలిసినవారు నన్ను సరిదిద్దితే, వచ్చే ఆదివారం ఆ ప్రకారమే చేస్తాను.