అమ్మకి నేర్పిన వేరే వరుస

మా చిన్నప్పుడు... మెట్రో ఇంకా మా వైపు రాని రోజుల్లో, దేశ రాజధానిలోని ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో మెర్సీ ఆంటీ మా తలుపు తట్టిందంటే నాకు అనుమానం మొదలయ్యేది. చేతిలో కేక్ ఉండేది మరి! ఊరికే ఎవరైనా ప్రతి శనివారం కేక్ తెస్తారా?

ఆంటీ గుంటూరులో చర్చి క్వైర్‌లో బృందగానం పాడి వచ్చిన మనిషి. మా అమ్మనీ, పై అంతస్తు రాజ్యం ఆంటీనీ కూడగట్టి నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు పాడించేది. కాలనీ ఉగాదితో మొదలై... సాకేత్, నోయిడా, తెలుగువాళ్ళ ఫంక్షన్ ఎక్కడున్నా ఈ ముగ్గురే.

కానీ అమ్మ ఒక్కతే చపాతీలు ఒత్తుతూ సాధన చేస్తుంటే అది అసలు ఆ పాటలాగే ఉండేది కాదు. వాళ్ళిద్దరూ పైకి వెళ్ళే చోట అమ్మ కిందికి దిగేది. పైగా ఆంటీ "మీరు కొంచెం తగ్గించండి వదినగారూ" అనేది. ఇంకేం కావాలి? తను మెరవడానికి మా అమ్మకి తప్పు నేర్పుతోందని తేల్చేశాను. పదేళ్ళకే పెద్ద డిటెక్టివ్‌ని!

"అమ్మా, ఆంటీ నీకు గలత్ ట్యూన్ నేర్పుతోంది."

"అది రెండో వరుసే పిచ్చి మొహమా. అందరం కలిస్తే నిండుగా ఉంటుందట" అంది అమ్మ, అంత నమ్మకం లేకుండానే.

అప్పుడు అబద్ధమాడాను... "కింది ఫ్లాట్ వాళ్ళు నీ పాట విని నవ్వుతున్నారు."

అమ్మ ముఖం చిన్నబోయింది.

ఆ వారమే రేడియోలో పాడేందుకు ఎంపిక పరీక్ష, నేనూ వెంట వెళ్ళాను. ముగ్గురూ ఏడాదిగా ఎదురుచూసిన రోజు. అమ్మ భయపడి వాళ్ళిద్దరి వరుసే పాడేసింది. మెర్సీ ఆంటీ ఒక్కసారి తిరిగి చూసి, ఆపకుండా పాడింది. విన్న పెద్దాయన "అచ్ఛా హై, లేకిన్ ఐసా తో సబ్ గాతే హై" అన్నాడు. బాగుంది కానీ ఇలా అందరూ పాడతారని. అంతే, ఎంపిక కాలేదు...

బస్సులో ఆంటీ ఒక్క మాట అడగలేదు. నాకు అదీ అనుమానమే! అమ్మే "నా గొంతు పనికిరాదులెండి" అని మానేసింది. మిగిలిన ఇద్దరూ కొన్నాళ్ళు పాడి ఆపేశారు.

కాలేజీ రోజుల్లో స్నేహితురాలి పెళ్ళికి చర్చికి వెళ్ళి క్వైర్ విన్నాను. నలుగురూ నాలుగు దారుల్లో పోతున్నారు... పాట మాత్రం ఒక్కటే. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

చెప్పడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. మొన్న అమ్మ పక్కన కూర్చుని, ఎవరూ నవ్వలేదని, అది నా అబద్ధమని ఒప్పుకున్నాను.

అమ్మ నా వంక అనుమానంగా చూసింది. "నన్ను ఓదార్చడానికి ఇప్పుడు ఆడుతున్నావు కదూ అబద్ధం?"

మీరూ చిన్నప్పుడు ఇలా ఎవరి పాటైనా ఆపేశారా? ఆపేసి ఉంటే కింద రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను. అప్పుడైనా నమ్ముతుందేమో.