కేసముద్రం ఆవిడ కొన్న బండి

ఆ పికప్ బండి మా గుమ్మం ముందుకు వచ్చిన రోజు నుంచీ దానికి మా ఇంట్లో ఎవరికీ లేని మర్యాద దక్కింది. కంపెనీ వాళ్లు కొన్నే తయారుచేసి ఆపేసిన ప్రత్యేకమైన రకమట. నారింజ రంగు, నాలుగు తలుపులు, వెనక సామాను వేసుకునే తొట్టి, మామూలు పికప్‌లకు ఉండనంత పెద్ద ఇంజను. హనుమకొండలో మాకు మోటారు పంపుల దుకాణం ఉంది. అయినా గీతలు పడతాయని ఆ తొట్టిలోకి ఒక్క పంపును కూడా ఎక్కనివ్వలేదు మా ఆయన. ఆదివారం పొద్దున్నే తనే కడిగి, మెత్తటి బట్టతో తుడిచి, బానెట్ మీద అరచేయి ఆనించి కాసేపు అలాగే నిలబడేవాడు. నా భుజం మీద ఆ చేయి పడి ఎన్నాళ్లయిందో! వంటింటి కిటికీలోంచి చూస్తూ నేను గిన్నెలతో కావాలనే చప్పుడు చేసేదాన్ని. బండి మీద అసూయేమిటని ఎవరైనా నవ్వొచ్చు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒకసారి నాకూ నడపడం నేర్పమని అడిగాను.

"శాన స్పీడు బండి ఇది. నీతోని కాదు," అన్నాడు, అద్దం తుడుస్తూనే. నేను మళ్లీ అడగలేదు.

తర్వాత ఆయనకు నడుము నొప్పి మొదలైంది. కుదుపులుండే ఎత్తు బండి మానకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టర్. దవాఖాన నుంచి ఇంటికి వచ్చేదాకా ఆయన స్టీరింగ్‌ను నిమురుతూనే ఉన్నాడు. పక్కన కూర్చున్న నాకు జాలేసింది. దానితోపాటే, ఆ బండి పీడ వదలబోతోందని కడుపులో చల్లగానూ ఉంది.

అమ్మకానికి ఫోన్లో ఫోటోలు పెట్టాం. కుర్రాళ్లు గుంపులుగా వచ్చి, ఆనుకుని ఫోటోలు దిగి వెళ్లిపోయేవారు. చివరికి కేసముద్రం నుంచి ఒకావిడ వచ్చింది. మిర్చి వ్యాపారం చేస్తుందట. ఇంచుమించు నా వయసే. చేనేత చీర కట్టుకుని, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు వేసుకుంది. భర్త వెంటే ఉన్నాడుగానీ, బేరమంతా ఆవిడదే. బండి కిందికి వంగి చూసింది. ఇంజను మోత చెవిపెట్టి విన్నది. ఆవిడ ఒక్కో ప్రశ్న అడుగుతుంటే మా ఆయన ముఖం వెలిగిపోతోంది.

నడిపి చూస్తానంటే నలుగురం బయల్దేరాం. ఆవిడ స్టీరింగ్ దగ్గర, మా ఆయన పక్క సీట్లో, నేనూ ఆవిడ భర్తా వెనకాల. నర్సంపేట రోడ్డెక్కగానే మా ఆయన ముందుకు వంగాడు.

"భయపడకుండ్రి మేడం, ఇంకా తొక్కుండ్రి! అగో, గట్ల!"

బండి ఒక్కసారి ముందుకు దూకింది. ఆవిడ నవ్వింది. మా ఆయనా నవ్వాడు, నడుము నొప్పి లేనివాడిలా. ఆ నవ్వు విని నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరు నడుపరా చెల్లె?" అన్నాడు పక్కనున్న ఆవిడ భర్త.

"నాకు రాదన్నా," అన్నాను. నాకు నేర్పేవాళ్లు లేరని మాత్రం చెప్పలేదు.

బేరం కుదిరింది. ఎల్లుండి వచ్చి తీసుకెళ్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. తలుపు వేయగానే నేను అన్నాను:

"ఆమెకు మాత్రం అమ్మొద్దు."

"ఎందుకే? మంచిగ సూస్కుంటది."

"పొద్దుగాల అచ్చిన ఆమెకు, తొక్కు తొక్కు అని నేర్పుతాండ్రు. నన్ను ఒక్కనాడన్న ఆ సీట్ల కూసోవెట్టిండ్రా?"

నేను కోపంతో బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున, నడుం వెనకాల దిండు పెట్టుకుని ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. మా దుకాణం డ్రైవర్ బండిని గోదాము ముందున్న ఖాళీ స్థలందాకా తెచ్చి దిగిపోయాడు. అప్పుడు ఆయన తాళం నా చేతికిచ్చాడు. నేను ఎక్కాను. కాలు ఆనించీ ఆనించకముందే బండి ఎగిరింది. "అమ్మా!" అని నడుము పట్టుకున్నాడాయన. బ్రేకు తొక్కేశాను.

"ఏం గాదు. మల్ల తొక్కు," అన్నాడు.

రెండోసారి మెల్లగా కదిలింది. ఒక చుట్టు తిప్పాక భయం పోయింది. ఇంకొంచెం తొక్కాను. ఇంజను గర్జన అరికాళ్లలోంచి వెన్నులోకి పాకింది. దాంట్లో ఇంత సంతోషం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసేసరికి కుళ్లు ఇంకా పెరిగింది. ఈసారి బండి మీద కాదు, ఆవిడ మీదా కాదు. ఇన్నేళ్లూ ఈ సంతోషాన్ని ఒక్కడే అనుభవించిన ఈ మనిషి మీద.

"ఇంత మంచిగుంటదని చెప్పనే లేదు మీరు," అన్నాను.

"చెప్తే ఇయ్యాల్సి వస్తుండె," అన్నాడు తల దించుకుని. అబద్ధం చెప్పనందుకు కోపం కొంచెం తగ్గింది.

అన్న రోజుకే ఆవిడ వచ్చింది. మా సందులో ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పి, హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆ మోత వినిపించినంతసేపూ ఇద్దరం గేటు దగ్గరే ఉన్నాం.

ఇప్పుడు నేను మా చిన్న కారులో డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. మొన్న ఆవిడ, బండికి కొత్త సీటు కవర్లు వేయించానని ఫోటో పంపింది. మా ఆయన ఫోన్ నా ముందుకు జరిపాడు. ఎర్రటి కవర్లు, అంచులకు నల్ల కుట్టు. నిజానికి బాగానే ఉన్నాయి.

"గిదేం కలరు!" అన్నాడాయన.

"అస్సల్ మంచిగ లేదు," అన్నాను నేను.